పుట్ట పట్టిన గొడుగు

నేలలోంచి, మానులోంచి, పేడకుప్పలోంచి గొడుగు ఆకారంలో లేచే ప్రతి శిలీంధ్రాన్నీ ఇవాళ పుట్టగొడుగు అనే ఒక్క పేరుతోనే పిలుస్తున్నా, ఆ మాటను విడదీసి చూస్తే అందులో ఒక నిర్దిష్టమైన చోటు కనిపిస్తుంది. అది చెదల పుట్ట మీద లేచే గొడుగు. పుట్టకొక్కు అనే వాడుకలోనూ పుట్టే ముందుంటుంది. పుట్టతో సంబంధం లేకుండా పెంటకుప్పల మీద, గోడల వారన మొలిచేవాటిని చాలాచోట్ల కుక్కగొడుగులని వేరుచేసి, వాటిని వంటింటి గడప దాటనివ్వకపోవడం పల్లెల్లో పాత ఆచారం. తినదగిన వస్తువుకు దాని రంగును బట్టో రుచిని బట్టో కాక, అది మొలిచే చోటును బట్టి పేరు పెట్టడంలో తరాల అనుభవం ఇమిడి ఉంది. అడవి పుట్టగొడుగుల ఎంపికలో మొదటి పాఠం ఆ పేరే. విశాఖపట్నం రేవును, ఓడల కర్మాగారాన్ని, చమురుశుద్ధి కర్మాగారాన్ని ఆనుకుని, యారాడ కొండల పాదాన పెరిగిన మల్కాపురం వంటి వాడలో నివసించేవారికి ఈ పాఠం మరింత అవసరం. ఉపాధి కోసం శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సంసారాలకు పుట్టగొడుగు రుచి తెలుసు గానీ, ఆ రుచిని ఇచ్చిన పుట్ట మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

చెదలు చేసే సేద్యం

శాస్త్ర పరిభాషలో పుట్టకొక్కుల ప్రజాతి పేరు టెర్మిటోమైసిస్; చెదలకు చెందిన శిలీంధ్రం అని దాని అర్థం. ఫ్రెంచి శాస్త్రవేత్త రోజే హైమ్ 1942లో ఈ ప్రజాతిని వర్ణించగా, దక్షిణ భారతంలో విరివిగా తినే ఒక జాతిని మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె.నటరాజన్ 1979లో గుర్తించి, హైమ్ గౌరవార్థం దానికి టెర్మిటోమైసిస్ హైమై అని పేరు పెట్టారు. ఈ ప్రజాతిలో బొటనవేలి గోరంత గొడుగుతో వందల సంఖ్యలో నేలంతా పరుచుకునే మైక్రోకార్పస్ జాతి ఒక కొసన ఉంటే, పశ్చిమ ఆఫ్రికాలోనూ జాంబియాలోనూ లేచే, మీటరు వెడల్పు వరకూ గొడుగు విప్పగల టైటానికస్ జాతి మరో కొసన ఉంది. తినదగిన పుట్టగొడుగుల్లో అంతకంటే పెద్దది ప్రపంచంలో లేదు.

చెదలన్నీ శిలీంధ్రాన్ని పెంచవు. మాక్రోటెర్మిటినే అనే ఉపకుటుంబానికి చెందిన చెదలు మాత్రమే, దాదాపు 3 కోట్ల సంవత్సరాల కిందట ఆఫ్రికాలో కుదిరిన ఒక సహజీవనాన్ని ఇప్పటికీ కొనసాగిస్తూ, పుట్ట అడుగున గదులు కట్టుకుని వాటిలో ఈ పంట పండిస్తాయి. పనిచెదలు ఎండుటాకులను, చితుకులను కొరికి మింగి, అరగీ అరగని ఆ పదార్థాన్ని శిలీంధ్రపు సిద్ధబీజాలతో సహా విసర్జించి, తేనెతుట్టెలా గుల్లగా ఉండే తుట్టెను కడతాయి. సిద్ధబీజం అంటే శిలీంధ్రానికి విత్తనంలా పనిచేసే, కంటికి కనపడనంత చిన్న కణం. ఆ తుట్టె మీద శిలీంధ్రజాలం, అంటే నూలుపోగుల్లా అల్లుకునే శిలీంధ్ర దేహం, వ్యాపించి, చెదలు సొంతంగా అరిగించుకోలేని లిగ్నిన్ అనే గట్టి చెక్కపదార్థాన్ని విడగొడుతుంది. దాని మీద ఆవగింజల్లా తెల్లగా ఏర్పడే బొడిపెలను, తర్వాత పండిన పాత తుట్టెను చెదలు తింటాయి. పుట్ట లోపల వేడి ఏడాది పొడవునా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలకడగా ఉండి, గాలిలో తేమ నిండుగా ఉండటం వల్ల ఈ తోట ఎండాకాలంలోనూ ఎండిపోదు.

వానలు పడగానే దృశ్యం మారుతుంది. తొలకరి జల్లులకు రెక్కల చెదలు, అంటే ఉసిళ్లు, మందలుగా ఎగిరి జతకట్టి కొత్త పుట్టలకు పునాది వేస్తాయి. ఆ కొత్త సంసారాల్లో మొదటితరం పనిచెదలు మేతకు బయటికి వచ్చే రోజులకు సరిగ్గా అందేటట్టు పాత పుట్టల్లోని శిలీంధ్రం నేలను చీల్చుకుని గొడుగులు పైకి పంపి సిద్ధబీజాలను వెదజల్లుతుంది. చాలా జాతుల్లో కొత్త పుట్టకు తోట ఇలాగే చేరుతుంది. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఉసిళ్లను చూసి, ఇక కొక్కులు లేస్తాయని లెక్కవేసే పల్లె అనుభవం ఈ జీవశాస్త్రంతో పూర్తిగా ఏకీభవిస్తుంది. ఉరుములకు పుట్టగొడుగులు మొలుస్తాయన్న నమ్మకాన్నీ తేలికగా తీసివేయనక్కరలేదు. జపాన్‌లోని ఇవాతే విశ్వవిద్యాలయంలో దుంగల మీద పెంచే జాతులకు అధిక వోల్టేజి విద్యుత్తును క్షణకాలం తాకించి చూసినప్పుడు దిగుబడి పెరిగింది. పుట్టకొక్కుల విషయంలో మాత్రం ఉరుముతో పాటు వచ్చే వాన, ఆ వానకు మెత్తబడే నేల ప్రధాన కారణాలని చెప్పడం సమంజసం.

ఈ సహజీవనం వల్లే పుట్టకొక్కును మనిషి నేటికీ వాణిజ్యపరంగా సాగు చేయలేకపోతున్నాడు. ప్రయోగశాలలో శిలీంధ్రజాలం పెరుగుతుంది గానీ, చెద లేకుండా గొడుగు విప్పడానికి అది ఒప్పుకోవడం లేదు. ఇందుకు భిన్నంగా, 1974లో కలకత్తా ప్రాంతంలో అడవిజాతిగా గుర్తించిన కాలోసైబ్ ఇండికా, అంటే పాల పుట్టగొడుగు, సాగుకు లొంగింది. 1998లో తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏపీకే 2 అనే రకాన్ని విడుదల చేసిన తర్వాత, 30 డిగ్రీలు దాటిన వేడిలోనూ పండే ఈ పంట కోస్తా ఊళ్లకు అనువైనదిగా నిలిచింది. 1943లోనే కోయంబత్తూరులో వరిగడ్డి పుట్టగొడుగును పెంచి చూశారు. కాబట్టి అడవి రుచి కావాలనుకున్నా అడవి ప్రమాదం వద్దనుకునే ఇంటికి సాగు రకాలు మంచి ప్రత్యామ్నాయమే. పుట్టకొక్కుకు మాత్రం అడవే గతి.

కొండ నుంచి రేవుకు

విశాఖ వాసులకు ఆ అడవి అంటే తూర్పు కనుమలే. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో వానాకాలం మొదలైన దగ్గర నుంచి గిరిజన స్త్రీలు తెల్లవారుజామున అడవికి వెళ్లి, తమ తల్లులు చూపిన పుట్టల దగ్గరే కొక్కులు ఏరుకుని, అడ్డాకుల్లో చుట్టి వారపు సంతకో రోడ్డు పక్కకో తెస్తారు. ఒక పుట్ట కింది తుట్టె బతికి ఉన్నంతకాలం ఏటా అదే చోట, దాదాపు అదే వారంలో గొడుగులు లేస్తాయి గనుక, పుట్ట ఎక్కడుందో తెలియడం ఆ కుటుంబానికి ఆస్తితో సమానం. అందుకే అనుభవం ఉన్నవారు కొక్కును మెల్లగా తిప్పి పైకి లాగుతారే తప్ప గునపంతో పుట్టను తవ్వరు. ఒక్కసారి తుట్టె చెదిరితే ఆ చోటు నుంచి మరుసటి ఏడు ఆశించేది ఏమీ ఉండదు.

బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన కొత్తవలస – కిరండూల్ రైలుమార్గం అరకు కొండలను ఈ నగరానికి దగ్గర చేసింది. అదే ఖనిజపు దారిలో, అనంతగిరి ఘాట్ రోడ్డు మీదా, కొండ సరుకు గంపలకెక్కి నగరానికి దిగుతుంది. పుట్టకొక్కు మాత్రం ఈ ప్రయాణాన్ని బాగా తట్టుకోలేదు. అందులో దాదాపు తొంభై శాతం నీరే. కోసిన తర్వాత కూడా అది శ్వాసిస్తూనే, గొడుగు విప్పుకుంటూనే ఉంటుంది. ఉదయం మొగ్గగా ఉన్నది సాయంత్రానికి పరుచుకుపోతుంది, మర్నాటికి నల్లబడి నీరుకారుతుంది. చింతపండు, తేనె, అడ్డాకుల వంటివాటిని గిడ్డంగిలో ఉంచి అమ్మేందుకు 1956లో విశాఖలో మొదలైన గిరిజన సహకార సంస్థ ఉంది. పచ్చి పుట్టకొక్కు అలాంటి గిడ్డంగి వ్యాపారానికి లొంగే సరుకు కాదు. ధర కొన్ని రోజుల్లో కోడిమాంసాన్ని మించుతుంది. అలా మించినా ఎక్కువని అనుకోనక్కరలేదు, ఎందుకంటే కొనేవారు చెల్లించేది కాయగూర తూకానికి కాదు, విషపు గొడుగును పక్కన పెట్టగల చూపుకు.

ఇక్కడ ఒక చిన్న చట్టపు విషయం చెప్పుకోవాలి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయంపై గిరిజనులకు యాజమాన్య హక్కు ఇస్తూ, వృక్ష సంబంధమైన ఉత్పత్తులంటూ వెదురు, తేనె, మైనం, లక్క, తునికాకు, ఔషధ మొక్కలు, దుంపలు మొదలైనవాటి పేర్లు చెప్పింది. ఆ వరుసలో పుట్టగొడుగు పేరు లేదు. శిలీంధ్రం వృక్షం కాదు, జంతువూ కాదు. జీవశాస్త్రం దానికి వేరే రాజ్యం కేటాయించింది. అడవిలో వానాకాలపు నెలల ఆకలిని తీర్చి, చేతిలో నాలుగు రూపాయలు పెట్టే ఈ పంట పేరును ఆ జాబితాలో స్పష్టంగా చేర్చడం న్యాయం.

ఎంపిక: కాడ అడుగున చూడాలి

పుట్టకొక్కును గుర్తించడంలో పైగొడుగు కంటే కింది కాడ ఎక్కువ చెబుతుంది. శిలీంధ్రాలకు నిజమైన వేళ్లుండవు. చాలా జాతుల్లో పుట్టకొక్కు కాడే భూమిలోకి సన్నబడుతూ సాగి, జానెడు నుంచి ఒక్కోసారి మూరెడు లోతున ఉన్న తుట్టె దాకా చేరి వేరులా కనిపిస్తుంది. ప్రజలు దాన్ని వేరనే అంటారు, ఇక్కడా ఆ మాటే వాడటం జరుగుతుంది. గొడుగు నడినెత్తిన మేకు మొనలాంటి ముదురు రంగు బుడిపె ఉంటుంది. గట్టి నేలను చీల్చుకుని రావడానికి శిలీంధ్రం చేసుకున్న ఏర్పాటది. గొడుగు అడుగున పుస్తకం పుటల్లా పేర్చినట్టుండే పలుచని పొరలు తెల్లగా మొదలై, ముదిరే కొద్దీ లేత గులాబీ ఛాయకు మారతాయి, కాడను అంటుకోవు. కండ బిగువుగా ఉండి, నిలువుగా చీల్చితే కోడిమాంసంలా పోగులుగా విడిపోతుంది.

ప్రాణం తీసే అమానిటా ప్రజాతి గుర్తులు కూడా కాడ అడుగునే ఉండటం వల్ల వేరుకు ఇంత ప్రాధాన్యం వచ్చింది. అమానిటా మొగ్గగా ఉన్నప్పుడు కోడిగుడ్డులా ఒక తిత్తిలో మూసుకుని ఉంటుంది. గొడుగు పైకి లేచాక చిరిగిన ఆ తిత్తి గిన్నెలా కాడ అడుగున మట్టిలో మిగిలిపోతుంది. పొరలు చివరి వరకూ తెల్లగానే ఉంటాయి, కాడ మీద ఉంగరంలాంటి పొర ఉంటుంది. ఉంగరాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే హైమై జాతి పుట్టకొక్కుకూ ఉంగరం ఉంటుంది. నేల మట్టానికి కత్తితో కోసిన గొడుగుల్లో వేరూ కనిపించదు, తిత్తీ కనిపించదు. కొనేవారి చేతికి వచ్చేది సాక్ష్యం పోయిన వస్తువు. మట్టి అంటి, చూడటానికి మురికిగా ఉన్నా, పొడవాటి వేరుతో సహా ఉన్న కొక్కులే నమ్మదగినవి. శుభ్రంగా కడిగి, కాడలు సమానంగా కత్తిరించి అందంగా పేర్చిన అడవి పుట్టగొడుగులను పక్కన పెట్టడం మంచిది.

నగరంలో అమానిటా కంటే ఎక్కువగా ఎదురుపడే మోసగాడు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే జాతి. ఉద్యానవనాల్లో, క్వార్టర్ల ముందరి గడ్డిలో, మైదానాల్లో వాన తర్వాత తెల్లగా, విశాలంగా, చూడముచ్చటగా లేచి, లేత వయసులో తెల్లని పొరలతో నిష్కల్మషంగా కనిపించే ఈ గొడుగును తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. ముదిరాక దాని పొరలు ఆకుపచ్చ ఛాయకు తిరుగుతాయి. దీన్ని పట్టుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది: గొడుగును కాడ నుంచి వేరుచేసి, పొరలు కిందికి ఉండేలా తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలితే, రాలిన సిద్ధబీజాలు కాగితం మీద ముద్ర వేస్తాయి. క్లోరోఫిల్లమ్ ముద్ర ఆకుపచ్చగా, పుట్టకొక్కు ముద్ర లేత గులాబీగా, అమానిటా ముద్ర తెల్లగా ఉంటుంది. ఈ పరీక్ష దేనినీ తినదగినదని నిరూపించదు. తినకూడనిదాన్ని తీసివేయడానికి మాత్రమే పనికివస్తుంది.

వంటింటి పరీక్షలుగా చలామణిలో ఉన్నవి చాలావరకు ప్రాణాంతకమైన భ్రమలు. వెండి నాణెం వేసి ఉడికిస్తే విషపుది నల్లబడుతుందని, వెల్లుల్లో బియ్యమో రంగు మారుతుందని, పురుగులు తిన్నది మనుషులకూ పనికివస్తుందని, తెల్లనిదంతా మంచిదని చెప్పే మాటల్లో ఒక్కటీ నిజం కాదు. అమానిటాలోని అమాటాక్సిన్ అనే విషం మరిగించినా, వేయించినా, ఎండబెట్టినా పోదు. వెండిని అది ఏమీ చేయదు. కణంలో మాంసకృత్తుల తయారీకి ఆజ్ఞలు రాసే ఎంజైమును అది స్తంభింపజేయడంతో కాలేయ కణాలు చనిపోతాయి. రుచిలోనూ హెచ్చరిక ఉండదు. తిన్న ఆరు గంటల నుంచి ఒక రోజు దాకా ఏమీ తెలియక, తర్వాత వాంతులు, విరేచనాలు వచ్చి, అవి తగ్గి రోగి కోలుకున్నట్టే కనిపించే ఒక దశ వస్తుంది. కుటుంబాలు ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళ్లిపోయేది అప్పుడే, కాలేయం కుప్పకూలడం మొదలయ్యేదీ అప్పుడే. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు, వారిలో అత్యధికులు తేయాకు తోటల కుటుంబాలవారు. విదేశాల్లోని తెలుగువారికీ ఇది వర్తిస్తుంది: ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో 2012 జనవరిలో డెత్ క్యాప్ అనే అమానిటాను తిని ఇద్దరు మరణించారు. ఆసియా నుంచి వలస వెళ్లినవారు తమ దేశంలో తిన్న వరిగడ్డి పుట్టగొడుగేనని ఆ జాతిని పొరబడటం అక్కడా, కాలిఫోర్నియాలోనూ పదేపదే జరిగింది. సొంత ఊళ్లో నేర్చిన గుర్తులు మరో ఖండంలో చెల్లవు.

అందువల్ల పుట్టగొడుగులు తిన్నాక ఎంతసేపటికి వాంతులు మొదలైనా, ముఖ్యంగా ఆరు గంటల తర్వాత మొదలైతే, తగ్గిపోతాయని ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి చేరాలి. వండగా మిగిలిన పచ్చి గొడుగునో, లేకుంటే కూరనో వెంట తీసుకువెళ్లాలి. అడవి పుట్టగొడుగు వండే ప్రతిసారీ వేరుతో సహా ఒకటి వండకుండా కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో దాచడం ఈ కారణంగానే అలవాటు కావాలి.

జాతి మంచిదని తేలాక వయసు చూడాలి. విప్పుకోని మొగ్గ బిగువుగా, కమ్మగా ఉంటుంది. సగం విప్పుకున్నది కూరకు శ్రేష్ఠం. పూర్తిగా పరుచుకుని అంచులు చీలినదానిలో పొరల మధ్య ఈగలు గుడ్లు పెట్టి ఉంటాయి. కాడను అడ్డంగా కోస్తే సూదిబెజ్జాలు కనిపించినా, వేలికి జిగురు తగిలినా, వాసన మట్టిని దాటి చేపవాసనకు తిరిగినా తీసుకోకూడదు. ఒకే గంపలో రకరకాల గొడుగులు కలిసి ఉంటే ఆ గంపను వదిలేయాలి. మొదటిసారి తినేవారు కొద్దిగానే తినాలి. పసిపిల్లలకు, గర్భిణులకు అడవి రకాలు పెట్టకపోవడమే మేలు. సిరా గొడుగులని పిలవదగిన కొన్ని జాతులు మద్యంతో కలిస్తే మాత్రమే విషమవుతాయి గనుక, ఆ పూట కల్లూ సారా ముట్టకూడదు.

మల్కాపురం నేల సంగతి

మల్కాపురంలో ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల వెంబడి, కొండవాలులో వానకు మంచి పుట్టకొక్కే లేచిందనుకున్నా, దాన్ని ఏరుకోవడం సరికాదు. పుట్టగొడుగులు తాము పెరిగే నేలలోని సీసం, కాడ్మియం, పాదరసం వంటి భారలోహాలను పీల్చి తమలో కూడబెట్టుకోగలవు. కొన్ని జాతుల్లో ఆ నిల్వ నేలలో ఉన్నదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. దశాబ్దాల పాటు లారీల పొగ, ఖనిజపు ధూళి, రంగుల పెచ్చులు పడిన ఏ రేవు నేలకైనా, ఏ పారిశ్రామిక వాడకైనా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. కడగడం వల్లగానీ ఉడికించడం వల్లగానీ లోహం పోదు. నగరానికి ఉత్తరాన ఉన్న కంబాలకొండకు వెళ్లి ఏరుకుందామనుకోవడమూ తప్పే; అది అభయారణ్యం, అక్కడి వస్తువును తీసుకురావడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తుంది. నగరవాసికి మిగిలిన మార్గం కొండ మీద నుంచి దిగిన కొక్కులను, తెలిసినవారి చేతి నుంచి కొనడమే.

పొయ్యి దగ్గర

తెలుగు వంటల సంప్రదాయంలో పుట్టగొడుగుకు దక్కిన చోటు చిన్నది. మనుస్మృతి దాన్ని ద్విజులకు నిషిద్ధమైన ఆహారాల్లో చేర్చడంతో, రాతకు ఎక్కువగా దగ్గరైన ఇళ్లలో దాన్ని వండలేదు. వండిన ఇళ్లలో వంటలు రాసిపెట్టే అలవాటు లేదు. బౌద్ధం కథ వేరు. బుద్ధుడి చివరి భోజనంగా చెప్పే సూకరమద్దవం పందిమాంసమా, పుట్టగొడుగా అనే చర్చ శతాబ్దాలుగా నడుస్తుండగా, గార్డన్ వాసన్ అనే పండితుడు 1982లో దాన్ని సంతాలులు పుట్కా అని పిలిచే, మట్టిలో బంతిలా పెరిగే శిలీంధ్రంతో ముడిపెట్టారు. అలాంటి బంతులనే బస్తర్‌లో బోడా అంటారు. గుగ్గిలం చెట్ల కింద తొలివానకు తవ్వి తీసే బోడా జగదల్‌పూర్ సంతలో మాంసాన్ని మించిన ధరకు అమ్ముడవుతుంది. బావికొండ, తొట్లకొండ బౌద్ధారామాలున్న ఈ తీరానికి ఆ చర్చ పరాయిది కాదు.

వంటకు ముందు శుభ్రం చేయడంలోనే సగం రుచి పోవచ్చు, నిలవనూవచ్చు. కొక్కును నీళ్లలో నానబెడితే స్పంజిలా పీల్చుకుంటుంది గనుక, వేరు మీది మట్టిని మొద్దుకత్తితో గీకి, నారగా ఉన్న కొసను తుంచి, గొడుగును తడిబట్టతో తుడిచి, పొరల్లో పురుగులున్నాయన్న అనుమానముంటే ఉప్పు, పసుపు కలిపిన నీళ్లలో ఒక్క నిమిషం ముంచి వెంటనే తీసి వడకట్టాలి. కత్తిపీట అక్కరలేదు, చేత్తో నిలువుగా చీలిస్తే పోగు తెగకుండా ఉండి నమలడానికి మాంసంలా తగులుతుంది. పచ్చిగా మాత్రం తినకూడదు. దీని కణాల గోడలు కైటిన్ అనే పదార్థంతో, అంటే రొయ్యపొట్టు తయారైన పదార్థంతోనే, కట్టినవి కావడం వల్ల పచ్చిది కడుపులో అరగదు. అదే కైటిన్ వల్ల ఒక సుగుణమూ ఉంది: వంకాయలా, బెండకాయలా ఎక్కువసేపు ఉడికినా ఇది మెత్తబడి ముద్దైపోదు.

వేపుడుకు వెడల్పాటి ఇనుప మూకుడు మంచిది. పావుకిలో కొక్కులకు రెండు చెంచాల నూనె చాలు. అరకు వైపు పండే వలిసెల నూనె దొరికితే దాని గింజవాసన కొక్కు మట్టివాసనకు బాగా కుదురుతుంది. ముందు కొక్కులను నూనె లేకుండానే పెద్దమంట మీద, మూత పెట్టకుండా వేస్తే అయిదారు నిమిషాల్లో నీరు ఊరి, ఆ నీరే మళ్లీ ఇంకుతుంది. మూత పెడితే అవి వేగవు, ఉడుకుతాయి. నీరు ఇంకి చిటపటమనే చప్పుడు వచ్చాక నూనె, చిదిమిన వెల్లుల్లి, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి, సన్నని ఉల్లిపాయ ముక్కలు వేసి, అంచులు బంగారు రంగుకు వచ్చేదాకా కదపాలి. ఉప్పు చివరనే. గరం మసాలా, అల్లం ముద్ద, టమాటా వేసి కోడికూరలా వండటం హోటళ్లు నేర్పిన అలవాటు. అది పెంపుడు బటన్ పుట్టగొడుగుకు అవసరమేమో గానీ, పుట్టకొక్కు విషయంలో మాత్రం దుబారా. ఆ మసాలా కింద ఏ గొడుగు ఉన్నా ఒకే రుచి వస్తుంది.

ఆవపెట్టిన ఇగురు ఉత్తరాంధ్ర నాలుకకు సరైన వంట. నానబెట్టిన ఆవాలను ఎండుమిర్చితో, చిటికెడు ఉప్పుతో మెత్తగా నూరి, కొక్కులు వేగి దింపిన తర్వాతే కలపాలి. పొయ్యి మీద కలిపితే ఆవ చేదెక్కుతుంది. పులుసు కావలసినవారు పలుచని చింతపండు రసంలో చిన్న బెల్లం ముక్క, వేయించిన నువ్వులపొడి వేసి మరిగించి, చివర కొక్కులు వేసుకోవచ్చు. కొండ మీద ఇంత తతంగమూ ఉండదు: ఉప్పు, కారం పట్టించిన కొక్కులను అడ్డాకులో పొట్లం కట్టి నిప్పుల్లో పెడితే, తన నీటిలోనే తాను ఉడికి, ఆకువాసన పట్టి దిగుతుంది. చోడి అంబలికి, సామల అన్నానికి దాన్ని మించిన నంజు లేదు.

ఈ కమ్మదనానికి రసాయనశాస్త్రంలో పేరుంది. జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా 1908లో సముద్రపు నాచు నుంచి గ్లుటమేట్‌ను వేరుచేసి, తీపి, పులుపు, ఉప్పు, చేదులతో పాటు ఉమామి అనే రుచి ఉందని చూపారు. పుట్టగొడుగుల్లో గ్లుటమేట్‌తో పాటు గ్వానిలేట్ అనే పదార్థమూ ఉండి, రెండూ కలిస్తే రుచి కూడికలా కాక గుణకారంలా పెరుగుతుందని 1950ల చివర అకిరా కునినాకా పరిశోధనల్లో తేలింది. ఎండబెట్టి మళ్లీ నానబెట్టి వండినప్పుడు గ్వానిలేట్ పెరుగుతుంది. మైక్రోకార్పస్ వంటి చిట్టి కొక్కులను చాటలో పలుచగా ఆరబోసి, రెండు ఎండలు తగలనిచ్చి, గాలి చొరని సీసాలో దాచుకున్న ఇల్లాలికి కార్తీకమాసంలోనూ ఆషాఢపు రుచి అందుతుంది. ఎండ తగలడం వల్ల వాటిలోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం విటమిన్ డిగా మారడం అదనపు లాభం. ఎండబెట్టకపోతే మాత్రం కొన్న పూటే వండాలి. ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచితే చెమటపట్టి గంటల్లో పాడవుతుంది, కాగితంలోనో ఆకులోనో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే ఒక్క రోజు ఆగుతుంది.

ఆరుద్ర నుంచి వినాయక చవితి దాకా సాగే ఈ కొద్ది వారాల్లో కొండ కొక్కులు కొనేవారు అమ్మే ఆమెతో రెండు మాటలు మాట్లాడాలి: ఏ పుట్ట దగ్గరవి, ఎప్పుడు తీసినవి, ఒకే చోటివేనా అని అడగాలి. చెప్పిన ధర ఇవ్వాలి. మట్టి బరువు తూకంలో కలిసినా సరే, వేరు తెగని కొక్కులనే ఇమ్మని అడగండి. వేరు లేనిదాన్ని ఎంత చవకగా వచ్చినా ఇంటికి తేకండి.